రాత్రికి జాగ

హన్మకొండ వేలంపాటల కొన్నం దీన్ని,
సంచార పశువైద్యశాల.
సూదులున్న అరలల్ల పప్పుడబ్బాలు పెట్టిన.
మందుల ఫ్రిజ్జు సల్లబడదు, అండ్ల ఉల్లిగడ్డలు.
సారంగపాణి తెల్లరంగు రెండు పూతలేసిండు.
వెలుగు పక్కనుంచి పడితే మాత్రం
కిందినుంచి పాత అక్షరాలు తేలుతయి,
చెరువు ఎండినంక బయటపడే మెట్ల లెక్క.

మనకు సముద్రం లేదు.
చెరువుకే సముద్రమని పేరుపెట్టుకొని
కట్టమీద నిలబడి, అవతలి ఒడ్డు కనబడనట్టు
కండ్లు చిట్లించుకునేటోళ్లం.
అందుకే గోదారి పొంటి పోదామన్న,
ఒడ్డు యాడిదాక ఉంటే ఆడిదాక.

పగలంత మంచిగనే ఉంటది తొవ్వ.
ములుగు దాటినంక ఇప్పపూల వాసన,
మూలమలుపుల కాడ కోతుల పంచాయితీ.
పొద్దు గూకినంకనే అసలు సంగతి:
ఇల్లు ఎంబడే ఉంది,
పెట్టుకునే జాగ లేదు.

చెక్‌పోస్టు కాడ అడవి గార్డు
టార్చిలైటు నా మొకం మీద, ఆయన మొకం మీద,
మళ్ల నా మొకం మీద ఏసి
"మీరిద్దరు ఏమైతరు?" అన్నడు.
ముప్పయ్యొక్క ఏండ్లసంది అదే చూస్తున్నం సారూ, అన్న.
నవ్వలే. పొమ్మన్నడు.

పెట్రోలు బంకు పిలగాడు
డీజిలైతే పోస్తడంట, నిద్రకు ఓనర్ని అడగాల్నంట.
ఓనరు ఫోనెత్తడు.
ఇసుక లారీల ఎనక ఆగితే
ఎవరో అద్దం కొట్టి "నీ సీరియల్ నంబరెంత?"

రేవు కాడ చదునే అనుకున్నం.
గిలాసల నీళ్లు పోసి బండి నడుమ పెట్టిన,
అది నా పద్ధతి.
నీళ్లు ఒక దిక్కే ఒరిగినయి.
రాయి పెట్టు, రాయి తియ్యి,
ఇంకో రాయి పెట్టు.
తలకు నెత్తురెక్కుతదని నేను,
కాళ్లకు దిగుతదని ఆయన.
ఆ కొట్లాటల దోమలు మమ్ముల కనిపెట్టినయి.

మంగపేట ఇవతల ఏదో పల్లె.
ఎదురొచ్చిన ట్రాక్టరు వంపు తిరిగినప్పుడు
లైటు అడ్డంగ పడ్డది మా బండి మీద.
ట్రాలీల కూసున్న పిలగాడు
కూడబలుక్కొని సదివిండు:
ప... శు... వై...

పదినిమిషాలల్ల మడకం ముత్తక్క
ఎగపోసుకుంటు వచ్చింది, చంకల మేక.
డోలు లెక్క ఉబ్బింది దాని పొట్ట.
"అక్కా, మేము డాక్టర్లం కాదు"
"బండి మీద రాసుంది గద."
"ఆ రాత పాతది."
"రోగం గూడ పాతదే."

ఏం చేస్తం.
మా అమ్మ చేసేది యాదికొచ్చింది.
పప్పులకని తెచ్చిన పల్లినూనె, అల్లం దంచి,
నెమ్మదిగ దవడ పక్కకెల్లి పోసిన.
సారంగపాణి ముంగటికాళ్లు ఎత్తిపట్టిండు,
పెండ్లిల గూడ గంత భద్రంగ పట్టుకోలే నన్ను.
మేక మమ్ములనే చూసింది శానసేపు.
తర్వాత తేన్పింది.
ఊరంత ఇనబడేటట్టు తేన్పింది.

"ఇగ ఎందుకు పోతరు" అని
మిర్చి కల్లం చూపించింది ముత్తక్క.
రోలరు తొక్కిన నేల.
గిలాసల నీళ్లు కదలలే.

రాత్రంత ఘాటు.
ఆయన తుమ్మితే నేను, నేను తుమ్మితే ఆయన,
కాయల కావలి పండుకున్న ముసలాయన
మూడో తుమ్ముకల్లా "సల్లగుండుండ్రి" అనుడు బంజేసిండు.
తెల్లారంగ కిటికీ తెర పక్కకు జరిపితే
ఎర్రగ, కనుచూపంత ఎర్రగ,
అంచుకు బండి చక్రాలు.
గాలి తోలినప్పుడల్ల తొడిమెలు గలగలమన్నయి.
ఆయన్ను లేపలే. ఒక్కదాన్నే చూసుకున్న.

తలుపు తీస్తే
రెండు బర్రెలు, కుంటుతున్న లేగ,
కోడిని ఒళ్లె పెట్టుకున్న ఒక తాత,
అందరు వరుసల.
సారంగపాణి ఫ్రిజ్జు ఎనక నక్కి
ఉల్లిగడ్డలు ఏరుతున్నట్టు చేస్తున్నడు.
నూనె సీసను ఎండకు పెట్టి చూసిన,
ఇంకెంతుందో అని.